కొండ రైలుమార్గాల నిర్మాణ ఛాయాచిత్రాలు (భారతదేశం)

బ్రిటిష్ పాలనలో భారతదేశపు కనుమల మీదుగా, కొండ పట్టణాలకు రైలుమార్గాలు వేసేటప్పుడు ఆ పనులను, కట్టడాలను, మనుషులను, యంత్రాలను చూపుతూ తీసిన ఫొటోలను కొండ రైలుమార్గాల నిర్మాణ ఛాయాచిత్రాలు అంటారు. వీటి ముఖ్యకాలం భోర్ కనుమలో పని మొదలైన 1856 నుంచి నీలగిరి రైలు ఊటీ చేరిన 1908 వరకు. రైల్వే ఇంజనీరింగ్, ఫొటోగ్రఫీ, శ్రామికుల చరిత్రలకు ఇవి ఆధారాలు. అయితే వీటిలో ఎక్కువ భాగం కంపెనీలు, ఇంజనీర్లు, గుత్తేదారులు, స్టూడియోల అవసరాల కోసం తీసినవి. అందువల్ల కట్టడాల గురించి వీటిలో దొరికినంత సమాచారం కట్టినవారి గురించి దొరకదు.

నిర్వచనం, పరిధి

సాధారణ మార్గాలతో పోలిస్తే కొండ రైలుమార్గానికి వాలు ఎక్కువ, మలుపులు బిగువు. ఎత్తు ఎక్కడానికి సొరంగాలు, ఎత్తైన కమాను వంతెనలు, రివర్సింగ్ స్టేషన్లు, లూపులు, పళ్ల పట్టాల వంటి ఏర్పాట్లు కావాలి. ఈ మార్గాలు రెండు రకాలు. మొదటివి పీఠభూమిని తీరంతో కలిపే కనుమ మార్గాలు. భోర్, థల్, నల్లమల మార్గాలు ఈ కోవలోవి. రెండోవి వేసవి విడుదులకు వేసిన మార్గాలు. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా మార్గాలు ఈ కోవకు చెందుతాయి.

పని జరుగుతున్నప్పుడు తీసినవే అసలైన నిర్మాణ చిత్రాలు. మార్గం ప్రారంభమయ్యాక స్టూడియోలు అమ్మకానికి తీసిన దృశ్యాలను కూడా సేకరణల్లో వీటితో కలిపి ఉంచడం మామూలే. పరిశోధనలో ఈ రెండింటినీ వేరుచేసి చూడాలి. స్వాతంత్ర్యానంతరం 1960లలో తూర్పు కనుమల మీదుగా వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం చిత్రాలు ఈ పరిధిలోకి రావు.

చారిత్రక నేపథ్యం

రైలు, కెమెరా భారతదేశంలో దాదాపు ఒకే కాలంలో స్థిరపడ్డాయి. బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణా వరకు తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న నడిచింది. మరుసటి ఏడాది బొంబాయిలో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. 1856లో కలకత్తా, మద్రాసుల్లోనూ అలాంటి సంఘాలే వెలిశాయి. అంతవరకు కట్టడాలకు చిత్రకారులు బొమ్మలు గీసేవారు. 1850ల మధ్య నుంచి ఆ పనికి ఈస్టిండియా కంపెనీ ఫొటోగ్రఫీని ప్రోత్సహించింది.

రైల్వే కంపెనీల వాటాదారులు, డైరెక్టర్లు ఎక్కువమంది బ్రిటన్‌లో ఉండేవారు. పెట్టిన డబ్బు మీద నిర్ణీత వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చేది. ఖర్చు ఎంతయింది, పని ఎంత జరిగింది అన్నది దూరాన ఉన్నవారికి చూపించాలంటే లెక్కలు, నక్షాలతో పాటు ఫొటోలు కూడా పనికొచ్చాయి. ఇంగ్లండ్‌లోని సచిత్ర వారపత్రికలు వీటిని చూసి చెక్కడపు బొమ్మలు చేయించి అచ్చువేసేవి.

ప్రధాన మార్గాలు

*భోర్ కనుమ (1856–1863).* గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే బొంబాయి నుంచి పుణె వైపు సహ్యాద్రిని ఎక్కించిన మార్గం ఇది. ప్రధాన ఇంజనీరు జేమ్స్ జాన్ బర్క్‌లీ. పలస్‌దరి నుంచి లోనావలా వరకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో మార్గం 1,831 అడుగులు ఎక్కుతుంది. గరిష్ఠ వాలు 37 అడుగులకు ఒక అడుగు. తొలి మార్గంలో 25 సొరంగాలు, 8 పెద్ద కమాను వంతెనలు ఉన్నాయి. ఖండాలా దిగువన కట్టిన రివర్సింగ్ స్టేషన్‌లో ఇంజన్ ఒక కొస నుంచి రెండో కొసకు మారి, రైలు ఎదురు దిశలో బయలుదేరేది.

గుత్తేదారు ఫావియెల్ 1859లో పని వదులుకున్నాడు. తరువాత గుత్త పొందిన సాలమన్ ట్రెడ్‌వెల్ అదే ఏడాది భారతదేశానికి వచ్చిన కొద్ది రోజులకే మరణించాడు. ఆయన భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ గుత్తను నిలబెట్టుకుని, ఇద్దరు అనుభవజ్ఞులైన ఇంజనీర్ల ద్వారా పని నడిపించింది. ఆమె స్వయంగా ఫొటోలు తీసేది. భోర్ కనుమ పనుల చిత్రాలతో ఆమె పేరు ముడిపడి ఉంది. నిర్మాణ బాధ్యత, కెమెరా రెండూ ఒకే వ్యక్తి చేతిలో ఉండటం, అందులోనూ ఆ వ్యక్తి స్త్రీ కావడం ఆ కాలంలో అరుదు. 1863 ఏప్రిల్ 21న గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ ఈ మార్గాన్ని ప్రారంభించాడు.

తెలుగు ప్రాంతాలకు ఈ మార్గంతో నేరుగా సంబంధం ఉంది. పుణె, షోలాపూర్ మీదుగా సాగిన ఈ రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద మద్రాసు రైల్వేతో కలిసింది. దానితో కడప, గుత్తి, ఆదోనిల మీదుగా మద్రాసు–బొంబాయి రైలు సంబంధం ఏర్పడింది. 1874లో వాడి–సికింద్రాబాదు మార్గం తెరవడంతో హైదరాబాదు కూడా ఈ కనుమ మీదుగానే బొంబాయితో కలిసింది.

*డార్జిలింగ్ (1879–1881).* ఈస్టర్న్ బెంగాల్ రైల్వే ఏజెంటు ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ ప్రతిపాదనతో రెండడుగుల గేజిలో వేసిన మార్గం. 1881 జూలైలో డార్జిలింగ్ చేరింది. చాలావరకు అప్పటికే ఉన్న బండిబాట పక్కనే పట్టాలు పరిచారు కనుక పెద్ద సొరంగాలు, మహా వంతెనలు లేవు. ఇక్కడి చిత్రాల్లో లోయ అంచున తిరిగే బిగువు మలుపులు, లూపులు, జడ్ ఆకారపు రివర్సులు ప్రధానంగా కనిపిస్తాయి. ‘అగొనీ పాయింట్’ అన్న లూపు దృశ్యం స్టూడియోలు పదేపదే తీసి అమ్మినవాటిలో ఒకటి.

*నీలగిరి (1891–1908).* స్విస్ ఇంజనీరు నిక్లాస్ రిగెన్‌బాఖ్ 1880ల తొలినాళ్లలో పళ్ల పట్టా పద్ధతిని ప్రతిపాదించాడు. 1891లో పని మొదలుపెట్టిన కంపెనీ కొన్నేళ్లకే మూతపడింది. కొత్త కంపెనీ 1899 జూన్‌లో మేట్టుపాళయం–కూనూరు భాగాన్ని తెరిచింది. ఊటీ వరకు 1908లో పూర్తయింది. మొత్తం 46 కిలోమీటర్లు, మీటరు గేజి. మార్గం 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్లకు చేరుతుంది. ఏటవాలు భాగంలో రెండు పట్టాల నడుమ పళ్ల పట్టా ఉంటుంది. ఇంజన్ కింది పళ్ల చక్రం దానిని పట్టుకుని ఎక్కుతుంది. దీనికి ఆబ్ట్ పద్ధతి అని పేరు. దగ్గరి నుంచి తీసిన చిత్రాల్లో పళ్ల పట్టా రెండు వరసలుగా, ఒకదాని పన్ను రెండోదాని సందుకు ఎదురుగా వచ్చేలా అమర్చి ఉండటం కనిపిస్తుంది.

*కాల్కా–సిమ్లా (1898–1903).* ప్రధాన ఇంజనీరు హెచ్. ఎస్. హ్యారింగ్టన్. 1903 నవంబరు 9న తెరిచిన ఈ 96 కిలోమీటర్ల మార్గంలో వందకు పైగా సొరంగాలు, 800కు పైగా వంతెనలు ఉన్నాయి. వంతెనలు చాలావరకు ఉక్కువి కావు. అంతస్తులుగా కట్టిన రాతి కమానులు. బరోగ్ సొరంగం పొడవు 1,143 మీటర్లు. రెండడుగుల గేజితో మొదలైన పనిని సైనిక అవసరాల దృష్ట్యా 1901లో రెండున్నర అడుగులకు మార్చారు.

*నల్లమల (1880లు).* సదరన్ మరాఠా రైల్వే మీటరు గేజిలో వేసిన గుంతకల్లు–బెజవాడ మార్గం నంద్యాల, కంభం పట్టణాల నడుమ నల్లమలను దాటుతుంది. దిగువమెట్ట దగ్గరి దొరబావి ఇనుప వంతెన, బొగద సొరంగం ఈ భాగంలోని ప్రసిద్ధ కట్టడాలు. 1990లలో బ్రాడ్ గేజికి మార్చినప్పుడు ఘాట్ భాగాన్ని కొత్త దారిలోకి మళ్లించారు. పాత మార్గంలో రైలు నడిచిన తీరు తెలుసుకోవడానికి ఆ తరువాత ఫొటోలు, నక్షాలే దిక్కయ్యాయి.

ఫొటోగ్రఫీ పద్ధతులు

*తడి పలక.* 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన ఈ పద్ధతి 1880 వరకు రాజ్యమేలింది. గాజు పలక మీద కొలోడియన్ పూసి, వెండి నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే డెవలప్ చేయాలి. ఇదంతా నిమిషాల్లో ముగియాలి కనుక చీకటి గుడారం, రసాయనాలు, గాజు పలకలు, శుభ్రమైన నీళ్లు పని జరిగే చోటికే మోసుకెళ్లాలి. ఎండాకాలంలో పలక త్వరగా ఆరిపోయేది. కొండపనుల దుమ్ము పలకకు అంటుకుంటే చుక్కలు పడేవి. నీడపట్టున ఉన్న లోయలు, సొరంగ ద్వారాల దగ్గర కొన్ని సెకన్ల పాటు కాంతి పడనివ్వాలి. ఆ కాసేపు మనుషులు కదలకూడదు. ఈ కాలపు చిత్రాల్లో పనివాళ్లు గునపాలు పట్టుకుని నిశ్చలంగా నిలబడి ఉండటానికి కారణం ఇదే.

*పొడి పలక.* 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పలకలు 1880 ప్రాంతంలో బజారులోకి వచ్చాయి. పలకలను ముందే తయారుచేసుకోవచ్చు, తరువాత తీరిగ్గా డెవలప్ చేయవచ్చు. గుడారం అవసరం తప్పింది. కదిలే రైలు, నడిచే మనిషి కూడా ఫొటోకు అందారు. 1888లో కొడాక్ కెమెరా రావడంతో ఇంజనీర్లు, వారి కుటుంబసభ్యులు కూడా సొంతంగా చిత్రాలు తీసుకోగలిగారు. నీలగిరి, కాల్కా–సిమ్లా మార్గాలు ఈ దశకు చెందినవి.

*ముద్రణ.* తొలికాలంలో ప్రింటు, పలక ఒకే పరిమాణంలో ఉండేవి. కోడిగుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితాన్ని పలకకు ఆనించి ఎండలో ముద్రించేవారు. అందుకే పెద్ద ప్రింటు కావాలంటే పెద్ద కెమెరాయే కొండెక్కాలి. ప్రింట్లను అట్టలకు అంటించి, తోలు బైండింగు చేసిన ఆల్బమ్‌లుగా కూర్చేవారు. 1890ల నుంచి హాఫ్‌టోన్ అచ్చు, తరువాత పోస్టుకార్డులు ఈ దృశ్యాలను సామాన్యులకూ చేర్చాయి.

చిత్రాల రకాలు

1. *పని పురోగతి చిత్రాలు.* ఒకే చోటును వేర్వేరు తేదీల్లో తీసినవి. వంతెన స్తంభం ఎంత లేచింది, కోత ఎంత లోతుకు దిగింది అన్నది వీటిలో తెలుస్తుంది.
2. *కట్టడాల చిత్రాలు.* వంతెన, సొరంగ ద్వారం, రివర్సింగ్ స్టేషన్ వంటివి. కొలత తెలిసేలా కట్టడం పక్కన ఒక మనిషిని నిలబెట్టడం పరిపాటి.
3. *సామూహిక చిత్రాలు.* ఇంజనీర్లు, గుమాస్తాలు, మేస్త్రీలు, అప్పుడప్పుడు కూలీల గుంపులు.
4. *యంత్రాలు, వాహనాలు.* ఇంజన్లు, సామాను మోసే ట్రాలీలు, క్రేన్లు.
5. *ప్రమాదాలు, వైపరీత్యాలు.* కొండచరియలు విరిగిపడటం, వంతెనలు కూలడం. 1899 సెప్టెంబరులో డార్జిలింగ్ ప్రాంతంలో చరియలు విరిగి భారీ నష్టం జరిగింది.
6. *ప్రారంభోత్సవాలు, విక్రయ దృశ్యాలు.* అలంకరించిన ఇంజన్లు, అతిథులు, ప్రయాణికులకు అమ్మే సుందర దృశ్యాలు.

ఛాయాగ్రాహకులు

చిత్రాలు తీసినవారిని మూడు వర్గాలుగా చూడవచ్చు. మొదటి వర్గం పనితో నేరుగా సంబంధం ఉన్న ఇంజనీర్లు, గుత్తేదారులు, అధికారులు. రెండో వర్గం వృత్తి స్టూడియోలు. బొంబాయిలో విలియం జాన్సన్, విలియం హెండర్సన్ 1856 నుంచి నెలనెలా అసలు ఫొటోలతో ఒక ఆల్బమ్ వెలువరించారు. కలకత్తాలో బోర్న్ అండ్ షెపర్డ్, జాన్‌స్టన్ అండ్ హాఫ్‌మన్, మద్రాసులో నికొలస్ కంపెనీ, వీలె అండ్ క్లైన్, ఊటీలో ఎ. టి. డబ్ల్యు. పెన్ ప్రసిద్ధులు. మూడో వర్గం ఔత్సాహికులు.

భారతీయుల పేర్లు ఈ సేకరణల్లో తక్కువ. స్టూడియోల్లో పలకలు సిద్ధం చేసినవారు, ప్రింట్లు తీసినవారు, సామాను మోసినవారు ఎక్కువగా భారతీయులే అయినా అట్టల మీద వారి పేర్లు ఉండవు. రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, తరువాత నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్‌దయాళ్ ఇంజనీరింగ్ నుంచి కెమెరా వైపు వచ్చిన భారతీయుల్లో ప్రముఖుడు. (చూ. దీన్‌దయాళ్, లాలా)

శ్రామికులు

భోర్ కనుమలో 1861 నాటికి రోజుకు 42,000 మంది దాకా పనిచేశారు. రాళ్లు పగలగొట్టేవారు, మట్టి మోసేవారు, తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, కమ్మరులు వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా తట్టలు మోశారు. దక్కన్‌లో, దక్షిణాదిలో రైల్వే మట్టిపనులకు పేరుపొందిన సంచార శ్రామికుల్లో వడ్డెరలు ముఖ్యులు. తెలుగు మాట్లాడే ఈ సముదాయాన్ని నాటి పత్రాలు ‘వడ్డర్లు’ అని పేర్కొన్నాయి. కుటుంబాలతో కలిసి పనిస్థలాల వెంట తిరుగుతూ, మట్టి పనిని కొలత లెక్కన ఒప్పుకోవడం వారి పద్ధతి.

చిత్రాల్లో వీరి స్థానం పరిమితం. ఇంజనీర్ల చిత్రాల కింద పేర్లు, హోదాలు రాస్తే, శ్రామికుల చిత్రాల కింద ‘కూలీలు’ అన్న ఒక్క మాటో, కులం పేరో రాసి వదిలేశారు. చాలాచోట్ల వారు కట్టడం కొలత చూపడానికి నిలిపిన ఆకారాలు మాత్రమే.

చిత్రాలు చూపనివి

కలరా, జ్వరాలు, పేలుళ్లు, రాళ్లు దొర్లిపడటం కనుమల పనుల్లో ప్రాణాలు తీసిన ప్రధాన కారణాలు. వానకాలంలో చాలా పనులు ఆగేవి. ఈ విషయాలు ఇంజనీర్ల నివేదికల్లో, వైద్యుల లెక్కల్లో ఉన్నాయి కాని ఫొటోల్లో దాదాపు లేవు. 1859 జనవరిలో భోర్ కనుమలో జీతాల బకాయిల మీద కూలీలు తిరగబడ్డారు. ఆ ఘటన తెలిసేది రాతపత్రాల వల్లనే.

కొన్ని లోపాలకు సాంకేతిక కారణాలున్నాయి. సొరంగం లోపల వెలుతురు లేదు. పేలుడు, కొండచరియ జారడం వంటి క్షణికమైన ఘటనలు తడి పలకకు అందవు. మరికొన్ని ఎంపిక వల్ల వచ్చినవి. ఆల్బమ్ అందుకునేవారు డైరెక్టర్లు, గవర్నర్లు కనుక పూర్తయిన పని, చక్కటి కట్టడం అందులో చేరాయి. గుడిసెలు, ఆసుపత్రి డేరాలు, శ్మశానాలు చేరలేదు.

కాలనిర్ణయం, పఠనం

తేదీ లేని చిత్రాన్ని గుర్తించడానికి కట్టడాల చరిత్రే ప్రధాన ఆధారం. భోర్ కనుమలో మావ్-కి-మల్లి కమాను వంతెన 1867 జూలైలో కూలిపోయింది. తొలి కమానులతో ఆ వంతెన కనిపిస్తే చిత్రం అంతకు ముందుది. రివర్సింగ్ స్టేషన్ మీదుగా రైళ్లు నడవడం 1929లో కొత్త దారి వేయడంతో ఆగింది. డార్జిలింగ్ మార్గంలో బతాసియా లూపు 1919 నాటిది. అది ఉన్న ఏ చిత్రమూ నిర్మాణకాలానిది కాదు.

నిర్మాణ దశను చిన్న గుర్తుల ద్వారా పోల్చుకోవచ్చు. కమాను కింద చెక్క సెంట్రింగ్ ఇంకా ఉంటే రాళ్ల అమరిక పూర్తయి కట్టుబడి గట్టిపడలేదని అర్థం. స్తంభానికి వెదురు పరంజా ఉంటే కట్టుబడి సాగుతున్నట్టు. కోత అంచులు పచ్చదనం లేకుండా పదునుగా ఉంటే రాయి కొట్టి ఎక్కువ కాలం కాలేదన్నమాట. కంకర పరవకుండా వేసిన పట్టాలు సామాను రవాణాకు తాత్కాలికంగా వేసినవి కావచ్చు.

తడి పలక నీలి కాంతికే ఎక్కువగా స్పందిస్తుంది. కాబట్టి ఆకాశం తెల్లగా ఖాళీగా, చెట్లు నల్లటి ముద్దగా వస్తాయి. దీన్ని బట్టి వాతావరణాన్ని నిర్ణయించకూడదు. పలక మీద గీకి రాసిన సంఖ్య, శీర్షిక ప్రింటు అడుగున నల్లటి అక్షరాలుగా పడతాయి. ఆ సంఖ్యను స్టూడియో జాబితాతో పోల్చి తేదీని దగ్గరగా నిర్ణయిస్తారు. ఒక స్టూడియో పలకలను మరొకటి కొని తన పేరుతో అమ్మిన సందర్భాలు ఉన్నాయి కనుక అట్ట మీది పేరు ఒక్కటే చాలదు.

ప్రాముఖ్యం

ఇంజనీరింగ్ చరిత్రలో ఈ చిత్రాలు నక్షాలకు అనుబంధ సాక్ష్యం. నక్షా అనుకున్నదాన్ని చూపితే, ఫొటో నిజంగా కట్టినదాన్ని చూపుతుంది. పాత వంతెనల మరమ్మతుల్లో, తొలి రూపాన్ని తెలుసుకోవడంలో ఇవి ఉపయోగపడతాయి. డార్జిలింగ్ (1999), నీలగిరి (2005), కాల్కా–సిమ్లా (2008) మార్గాలను యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఆ మార్గాల పరిరక్షణకు పాత చిత్రాలు ఆధారపత్రాలు.

పర్యావరణ చరిత్రకూ ఇవి అవసరం. అడవి నరికిన మేర, వాగుల మళ్లింపు, కొండ వాలును కోసిన తీరు వీటిలో నమోదయ్యాయి. అదే చోట నేడు తీసిన ఫొటోతో పోల్చి మార్పును అంచనా వేయవచ్చు. శ్రామికుల చరిత్రకు మాత్రం ఇవి పాక్షిక సాక్ష్యాలే. జీతాల పుస్తకాలు, మరణాల లెక్కలు, గుత్త ఒప్పందాలు, వచ్చిన సముదాయాల మౌఖిక చరిత్రతో కలిపి చదివితేనే వీటికి పూర్తి విలువ వస్తుంది.

సేకరణలు, పరిరక్షణ

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు విభాగంలో పెద్ద సేకరణ ఉంది. భారతదేశంలో న్యూఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియం, అల్కాజీ ఫౌండేషన్, సిమ్లాలోని బాబా భల్కు రైల్ మ్యూజియం, ఘూమ్ స్టేషన్‌లోని మ్యూజియం చూడదగినవి.

ఆల్బుమెన్ ప్రింట్లు వెలుతురుకు, తేమకు పసుపెక్కి వెలిసిపోతాయి. నాసిరకం అట్టలోని ఆమ్లం కాగితాన్ని తింటుంది. అందుచేత అసలు ప్రతులను చీకటి, చల్లని, పొడి గదుల్లో ఆమ్లరహిత కవర్లలో భద్రపరిచి, పాఠకులకు డిజిటల్ ప్రతులు ఇవ్వడం ఇప్పటి పద్ధతి. 1908కి ముందు తీసిన ఈ చిత్రాలకు భారతదేశంలో కాపీరైట్ గడువు ముగిసింది. అయితే గ్రంథాలయం తయారుచేసిన డిజిటల్ ప్రతిని అచ్చువేయాలంటే ఆయా సంస్థల నిబంధనల ప్రకారం అనుమతి తీసుకోవాలి.